ప్రాణం నిలిపే మందే రక్తపుపోటు పెంచితే?

మూత్రపిండం మార్పిడి ఆపరేషన్ అయింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. రెండు నెలల తరవాత పరీక్షకు వెళితే బి.పి. 160/100 ఉందన్నారు డాక్టరుగారు. "కొత్త కిడ్నీ బాగా పనిచేస్తోందన్నారే, మరి ఈ పోటు ఎక్కడిది?" అని అందరికీ దిగులు. రోజూ వేసుకునే సైక్లోస్పోరిన్ మందే దీనికి కారణం కావచ్చు.

ఏమిటీ మందు?

నార్వే దేశపు మట్టిలో దొరికిన ఒక రకం బూజు నుంచి వచ్చింది. దీని సుగుణం 1972లో స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ ప్రయోగశాలలో బయటపడింది. ఇతరుల కిడ్నీని మన తెల్ల రక్తకణాలు శత్రువుగా ఎంచి దాడి చేస్తాయి. ఆ దాడిని ఈ మందు ఆపుతుంది. సోరియాసిస్, కీళ్లవాతం ముదిరినవారికి కూడా ఒక్కొక్కప్పుడు ఇస్తారు.

పోటు ఎందుకు పెరుగుతుంది?

కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాలను ఇది బిగుసుకుపోయేలా చేస్తుంది. పైగా బయటకు పోవలసిన ఉప్పు ఒంట్లోనే ఉండిపోతుంది. ఉప్పుతోపాటు నీరూ నిలుస్తుంది. గొట్టం సన్నబడి, అందులో నీరు ఎక్కువైతే ఒత్తిడి పెరగదూ? తోడుగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కూడా పోటు పెంచేదే.

మరి మందు మానేయవచ్చా?

సొంతంగా ఎన్నడూ మానకండి, తగ్గించకండి. కొద్దిరోజుల అశ్రద్ధకే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టవచ్చు. రక్తంలో మందు ఎంత ఉందో పరీక్షించి డాక్టరుగారే మోతాదు సరిచేస్తారు. అవసరమైతే టాక్రోలిమస్‌కు మారుస్తారు. దానికీ ఈ గుణం ఉంది కాని కొంత తక్కువ. పోటుకు ఆమ్లోడిపిన్ వంటి మాత్రలు ఇస్తారు.

మీరు చేయవలసినవి

తలనొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. చాలామందికి ఏ బాధా తెలియకుండానే పోటు పెరుగుతుంది. ఇంట్లోనే బి.పి. చూసుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఆవకాయ, అప్పడాలు, వడియాలు తగ్గించండి. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మేది వాడవద్దు. అందులో పొటాషియం ఉంటుంది. ఈ మందు అసలే రక్తంలో పొటాషియాన్ని పెంచుతుంది. కొబ్బరినీళ్లకూ ఇదే హెచ్చరిక.

పంపరపనస తినవద్దు. దానివల్ల రక్తంలో మందు పాలు పెరగవచ్చు. ఒళ్లునొప్పులకు బ్రూఫెన్, దగ్గుకు ఎరిత్రోమైసిన్ మందులషాపులో అడిగి వేసుకోకండి. మొదటిది కిడ్నీకి చెరుపు, రెండోది సైక్లోస్పోరిన్ పాలు పెంచుతుంది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, పంటి డాక్టరయినా సరే, మీరు వాడే మందుల చీటీ ముందుగా చూపించండి.