వానకొండలలో ఎడారి అతిథి

అమెరికా మెట్టభూముల యుక్కాను తూర్పుకనుమల ఇంటితోటలో పెంచగోరువారు మొదట నేర్వవలసినది నీరు పోయుట కాదు, నీటిని పోనిచ్చుట.

విశాఖపట్టణమునుండి బయలుదేరిన కిరండూలు రైలు సొరంగముల చీకటిని, లోయల వెలుగును ఒకదాని వెంట నొకటిగా దాటుచు, సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్న శిమిలిగూడ స్టేషనును చేరి, ఆపై అరకులోయలోనికి దిగునప్పుడు, కన్నులకు తోచు పచ్చదనమంతయు ఈ కొండల పుట్టినింటి సొత్తేయని యాత్రికునకు అనిపించును. కాని కాఫీ ఇథియోపియానుండి, దానికి నీడనిచ్చు సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియానుండి, ఆ మ్రాకుల నల్లుకొను మిరియము మలబారునుండి వచ్చినవే. అట్లు వచ్చిన కాఫీ గిరిజన రైతుల చేతులలో ఈ నేలకు ఎంతగా అలవడినదనగా, 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై వెలసిన పద్మాపురం తోట నేడు దేశదేశముల మొక్కలకు నెలవైన ఉద్యానవనమైనది. ఇట్టి ఆతిథ్యశీలమైన లోయలో యుక్కాకును చోటు గలదు. ఐతే దాని స్వభావమెరిగి పెంచినప్పుడే ఆ చోటు దానికి సుఖస్థానమగును.

మెట్టనేలల బిడ్డ

యుక్కాలలో సుమారు 50 జాతులు గలవు. ఇవి అమెరికా ఖండమునకు, ముఖ్యముగా మెక్సికోకును దాని పొరుగుననున్న సంయుక్తరాష్ట్రముల మెట్టప్రాంతములకును చెందినవి. మన పొలముల గట్లపై కంచెగా పెరుగు కిత్తనార దీనికి దగ్గరి చుట్టము. అమెరికా ఆదివాసులు యుక్కా ఆకులనుండి నార తీసి త్రాళ్ళు, బుట్టలు, పాదరక్షలు అల్లుకొనిరి. వేళ్ళను నలుగగొట్టి, వచ్చిన నురుగుతో తలంటుకొనిరి. అడ్డతీగ పట్టనుండి త్రాడు పేనుట తెలిసిన కొండవారికిని, కుంకుడుకాయతో తల రుద్దుకొను మనకును ఈ విద్య అపరిచితము కాదు. ఎల్ సాల్వడార్ దేశము యుక్కా పువ్వునే తన జాతీయపుష్పముగా నెన్నుకొన్నది. అచ్చటివారు ఆ తెల్లని రేకులను గ్రుడ్లతో కలిపి వండుకొందురు.

ఇంటితోటకు జాతిని ఎన్నుకొనునపుడు ఇంటివారిని తలచుకొనవలెను. యుక్కా అలోయిఫోలియా ఆకుకొన సూదివలె వాడియైనది; చిన్నపిల్లలు పరుగులిడు ముంగిట, నడకదారి ప్రక్కన దానిని నాటరాదు. అట్టి యిండ్లకు కొనలు మెత్తనైన యుక్కా గిగాంటియా యోగ్యము. ఐనను అది గడ్డకట్టు చలిని ఓర్వజాలదు. శీతకాలమున ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా దిగు లంబసింగి వంటి తావులలో దానిని కుండీలో పెంచి, చలి ముదిరిన రాత్రులలో వసారాలోనికి చేర్చవలెను. నేలబారున పొదగా పెరుగు యుక్కా ఫిలమెంటోసాకు ఈ బెడద లేదు. కుక్కలకు, పిల్లులకు యుక్కా ఆకులు హానికరములు గాన, అవి కొరుకకుండ చూచుకొనవలెను.

వానకాలపు పరీక్ష

ఈ కొండలలో యుక్కాకు నిజమైన పరీక్ష చలికాలము కాదు, వానకాలము. జూన్ మొదలుకొని అక్టోబరు వరకు నేల తడియారని ఈ సీమలో, వేళ్ళచుట్టు నీరు నిలిచెనేని మట్టి సందులలోని గాలి తొలగిపోవును. ఊపిరాడని వేళ్ళను శిలీంధ్రములు పట్టి కుళ్ళించును. పైనున్న ఆకులు కొన్నివారములపాటు పచ్చగనే యుండుటచేత, యజమాని ఉపద్రవమును గుర్తింపక మరింత నీరు పోయును. కాండము మొదలు మెత్తబడి దుర్గంధము వచ్చునప్పటికి వేళ్ళు నశించియే యుండును.

కావున నాటునప్పుడే జాగ్రత్త వహింపవలెను. వాలునేల యున్నవారు భాగ్యవంతులు. వాలు పైభాగమున, దినమునకు ఆరుగంటలైనను ఎండ తగులుచోట, ఒక అడుగు ఎత్తున దిబ్బ కట్టి నాటిన చాలును. ఎఱ్ఱమట్టి ఒక పాలు, ముతక ఇసుకయు చిన్న గులకరాళ్ళును కలిపి ఒక పాలు, బాగుగా మాగిన పశువుల ఎరువు అరపాలు చేర్చిన మిశ్రమము దీనికి హితము. కుండీకి అడుగున రంధ్రము తప్పనిసరి. క్రింద పళ్ళెముంచి నీరు నిలుపరాదు. వానకాలమున కుండీని చూరు క్రిందికి జరుపవలెను. వేసవిలో వారము పదిదినముల కొకసారి, శీతకాలమున మూడువారముల కొకసారి, అదియు పైమట్టి రెండంగుళముల లోతువరకు ఎండిన పిమ్మటనే నీరు పోయవలెను. అడుగు ఆకులు పండి ఎండుట సహజము. వానిని కోసివేసిన చాలును. ఆకు మొదళ్ళలో పిండినల్లి చేరినచో, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడువవలెను.

చిమ్మట లేని పువ్వు

యుక్కా పూచినపుడు తెల్లని గంటలవంటి పువ్వులు గుత్తులుగా వ్రేలాడును, కాని మన తోటలలో అది సాధారణముగా కాయ కట్టదు. దీని కారణమును 1872 ప్రాంతమున అమెరికాలో ఎంగెల్‌మన్, రైలీ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆ దేశపు ఒక చిన్న రెక్కలపురుగు, యుక్కా చిమ్మట, పుప్పొడిని ఉండగా చేసి మోసికొనిపోయి, మరియొక పువ్వు అండాశయమున గ్రుడ్లుపెట్టి, కీలాగ్రముపై ఆ పుప్పొడిని తానే అద్దును. దాని పిల్లలు కొన్ని గింజలను తిని, తక్కినవానిని మొక్కకు మిగిల్చును. డార్విన్ అంతటివాడు విస్మయమందిన ఈ పరస్పరోపకారమునకు కావలసిన చిమ్మట మన దేశమున లేదు.

అందుచేత మనకు పిలకలు, కొమ్మముక్కలే శరణ్యము. ఫిబ్రవరి, మార్చి నెలలలో అడుగు పొడవు కాండమును కోసి, కోతభాగము గట్టిపడువరకు వారముదినములు నీడన ఆరబెట్టి, ఇసుకపాలు హెచ్చుగానున్న మట్టిలో తలక్రిందులు కాకుండ నాటినచో, వానలు పడులోపల వేళ్ళూనును.

తోట హద్దు

గింజ కట్టకపోవుట అడవికి ఒక రక్షయైనను, అది సంపూర్ణము కాదు. నరికి పారవేసిన ముక్క తడినేలలో తిరిగి చిగుర్పగలదు. ఒకప్పుడు తోటల శోభకై మన దేశమునకు తెచ్చిన లాంటానా నేడు అడవులలో వ్యాపించి, పశువుల మేతను, దేశవాళీ మొలకలను అణచివేయుచున్నది. కావున కత్తిరించిన యుక్కా ముక్కలను అడవి అంచున గాని, గెడ్డల ఒడ్డున గాని పారవేయక, పూర్తిగా ఎండబెట్టి కాల్చివేయవలెను. పోడుగట్లపై కంచెగా దీనిని నాటరాదు. కొండచీపురు, అడ్డ, ఇప్ప, జీలుగు మొదలగునవి గిరిజన గృహముల జీవనాధారములు. వాని తావును ఆక్రమింపకుండ, ముంగిట రాతినేలలో ఒకటి రెండు మొక్కలకు మించక పెంచుట ఉచితము. మొక్కకు ఎండను, పొడినేలను ఇచ్చుటయు, దానిని పెరటి హద్దు దాటనీయకుండుటయు ఒకే బాధ్యతకు చెందిన రెండు పనులు. ఈ రెండును నెరవేర్పగలవారే ఈ కొండలలో యుక్కాను పెంచుటకు అర్హులు.