పచ్చి ఇంట్లో కొత్త కాపురము

ప్రసవించి పది దినములు గడవని తల్లిని మనము పచ్చి బాలింత అంటాము. ఆమెకు చలిగాలి తగలనివ్వము, బరువులు ఎత్తనివ్వము, ఆహారములో పథ్యము పాటింపజేస్తాము. కొత్తగా కట్టిన ఇల్లు కూడ అటువంటిదే. గోడలలోని నీరు ఆరి ఉండదు. రంగుల వాసన పోయి ఉండదు. సున్నపు ఘాటు తగ్గి ఉండదు. అయినను ముహూర్తము కుదిరినదని ముసలివారిని, పసిపిల్లలను వెంటబెట్టుకొని ఆ పచ్చి ఇంటిలో కాపురము పెడతాము. నెల తిరగకముందే ఇంటిల్లిపాదికి దగ్గు, తుమ్ములు, ఆయాసము మొదలైతే దిష్టి తగిలినదనుకుంటాము.

ముప్పది ఏండ్లుగా ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నేను ఈ మాట ఎందరికో చెప్పి ఉన్నాను. కాని మా సొంత ఇంటి విషయములో నేనే ఏమరుపాటు చెందాను. ఆనాటి అనుభవము పాఠకులకు ఉపయోగపడునని ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

మా ఇంట్లో జరిగినది

2017వ సంవత్సరము శ్రావణమాసములో తెనాలి శివారున మేము కట్టుకున్న ఇంటికి గృహప్రవేశ ముహూర్తము పెట్టారు. ఇంకా మూడు రోజులు ఉన్నది. లోపలి పనులన్నీ పూర్తయినవి, పెరటి ప్రహరీకి మాత్రము సున్నము వేయవలసి ఉన్నది. చిన్ననాడు సంక్రాంతికి మా నాయనగారితో కలిసి మట్టిగోడలకు వెల్ల వేసిన జ్ఞాపకము నన్ను ఊరుకోనివ్వలేదు. "కూలీలు ఎందుకు, మనమే వేద్దాము" అని మా అబ్బాయితో అన్నాను. ముందురోజు సున్నము నానబెట్టి, ఉదయమే ఇద్దరము కుంచెలు పట్టాము.

మా మనవడికి అప్పుడు ఐదేండ్లు. "తాతయ్యా, నేనూ వేస్తా" అని వెంటబడ్డాడు. సరదా పడుతున్నాడు కదా అని ఒక చిన్న కుంచె చేతికిచ్చాను. నేను చేసిన తప్పు అదే. వాడు కుంచెను నిండుగా ముంచి పైకెత్తి విదిలించగానే చిక్కని సున్నము వాడి కుడికంటిలో పడినది.

పిల్లవాడు కేకలు వేస్తూ రెండు చేతులతో కన్ను నులుముకుంటున్నాడు. పొరుగింటి పెద్దావిడ గోడ అవతలినుండి "ఆముదం చుక్క వెయ్యండి బాబూ, చల్లబడుద్ది" అన్నది. మా అమ్మగారు "పూజసామానులో తేనె ఉందిరా, వైద్యుడివి, నిలబడి చూస్తావేంరా" అని కంగారుపడినది. నిజము చెప్పవలెనంటే నేను ఆ తేనె సీసా కొరకు రెండడుగులు వేశాను కూడ. ఇంతలో మా కోడలు పరుగున వచ్చి పిల్లవాడిని ఎత్తుకొని కుళాయి క్రింద కూర్చోబెట్టినది. "మామయ్యగారూ, ముందు నీళ్ళు! రెప్పలు మీరు తెరిచి పట్టుకోండి" అన్నది. ఆ మాటతో నాకు తెలివి వచ్చినది.

అరగంటకు పైగా నీళ్ళు పోస్తూనే ఉన్నాము. తరువాత గుంటూరులోని కంటి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. అక్కడ వైద్యుడు పైరెప్పను తిరగవేసి చూడగా లోపల ఆవగింజంత సున్నపు పలుకు ఒకటి అంటుకొని ఉన్నది. దానిని తీసి, మరల కడిగి, "మొదటి ఐదు నిమిషాల్లో మీరు పోసిన నీళ్ళే ఈ కంటిని కాపాడినవి" అన్నారు. రెండు వారములలో కన్ను నిమ్మళించినది, చూపు చెడలేదు. గృహప్రవేశమునాడు వాడు కంటికి కట్టుతోనే పీటలమీద తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాడు. ఆ కట్టు కనబడినప్పుడెల్ల పూజమీద నా మనస్సు నిలువలేదు.

కంటిలో సున్నము పడినచో

సున్నము తీవ్రమైన క్షారము. ఆమ్లము కంటిలో పడినప్పుడు పైపొర గడ్డకట్టి కొంతవరకు తనకు తానే అడ్డుగా నిలుస్తుంది. క్షారము అట్లు కాదు. అది పొరలలోని క్రొవ్వును కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. అందువలన ప్రతి నిమిషము విలువైనది.

నేత్రరోగములలో తేనెకు శాస్త్రమునందు స్థానమున్నది. క్షారమునకు ఆమ్లము విరుగుడని సుశ్రుతుడు చెప్పినదీ నిజమే. అయితే అది క్షారకర్మలో వైద్యుడు చూచి వాడవలసిన విధానము. కంటిలో నిమ్మరసము పిండమని దాని అర్థము కాదు. సున్నము పడిన కంటికి ఇంటివద్ద చేయదగిన చికిత్స ఒక్కటే, అది నీరు.

1. క్షణమైన ఆలస్యము చేయక శుభ్రమైన చల్లని నీటితో కన్ను కడగవలెను. కుళాయి లేనిచో చెంబుతో ధారగా పోయవలెను.
2. తలను దెబ్బతిన్న కంటివైపునకు వంచి, ఆ నీరు రెండవ కంటిలోనికి పోకుండ చూడవలెను.
3. రెప్పలను వ్రేళ్ళతో విడదీసి పట్టుకొనవలెను. పిల్లవాడు ఏడ్చినను మానరాదు. కనీసము 30 నిమిషములు కడగవలెను.
4. కన్ను నులుమనివ్వరాదు. తేనె, నెయ్యి, ఆముదము, పాలు, చనుబాలు, ఆకుపసరులు ఏవియు వేయరాదు.
5. మంట తగ్గినట్లు కనిపించినను కంటి ఆసుపత్రికి తప్పక వెళ్ళవలెను. వాహనము లేనిచో 108కి ఫోను చేయవలెను. దారిలో కూడ సీసాతో నీరు పోస్తూ ఉండవచ్చును.

తాంబూలపు సున్నము కూడ ఇదే సున్నమని మరువరాదు. సున్నపు పొట్లమును పిల్లలు నొక్కినప్పుడు అది చిమ్మి కంటిలో పడుతుంది. గృహప్రవేశమునాడు తాంబూలపు పళ్ళెములు ఎక్కడబడితే అక్కడ ఉంటాయి. వాటిని పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

సున్నము చర్మముపై పడినచో, పొడి అయితే ముందుగా దులిపివేసి, తరువాత నీటితో బాగుగా కడిగి, ఆరిన పిమ్మట కొబ్బరినూనె రాయవచ్చును. బొబ్బలెక్కినచో వైద్యుని చూడవలెను.

సొంతముగా వెల్ల వేయదలచిన వారికి

మన ఇంటికి మనము వెల్ల వేసుకొనుటలో ఉన్న తృప్తిని నేను కాదనను. పద్ధతి తెలిసి చేయవలెను.

పొడి సున్నమునకు నీరు తగలగానే కుతకుత ఉడుకుతుంది. కనుక ముందు ఇనుప డ్రమ్ములో నీరు పోసి, దానిలో సున్నమును కొద్దికొద్దిగా వేయవలెను. సున్నముమీద నీరు కుమ్మరించరాదు. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడుతుంది, అల్యూమినియపు పాత్రను సున్నము తినివేస్తుంది. కిలో సున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు చాలును. 24 గంటలు కదల్చక ఉంచి, గుడ్డతో వడకట్టి, గోడకు పట్టుటకు బంక గాని బియ్యపు గంజి గాని కలుపుకొనవలెను. చేతులకు రబ్బరు తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. డ్రమ్ముపై మూత ఉండవలెను. పని పూర్తియగువరకు పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

పాత తలుపులు, కిటికీలు కొత్త ఇంటికి బిగించువారు మరొక జాగ్రత్త పాటించవలెను. ఇండ్లకు వాడు రంగులలో సీసము 90 పి.పి.ఎం.కు మించరాదన్న నిబంధన మన దేశములో 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగులలో సీసము ఎక్కువగా ఉండవచ్చును. ఆ రంగును పొడిగా ఉప్పుకాగితముతో రుద్దితే దుమ్ము లేచి పిల్లల కడుపులోనికి పోతుంది. సీసము పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. తడిపి రుద్దవలెను, ఆ పని ఇంటి వెలుపల చేయవలెను.

గోడ ఆరినదా, లేదా?

వర్షఋతువులో భూమినుండి వెలువడు ఆవిరి వలన, జఠరాగ్ని మందగించుట వలన వాతాది దోషములు ప్రకోపించునని, ఆ కాలమున తేమ లేని చోట నివసించవలెనని చరకుడు సూత్రస్థానములో చెప్పి ఉన్నాడు. శ్రావణమాసపు గృహప్రవేశమంటే సరిగా ఆ కాలమే. సిమెంటు పనిని కనీసము 7 దినములు నీటితో తడుపుతారు. త్రాగిన ఆ నీటిని గోడ వదలుటకు వారములు, వానకాలమైతే నెలలు పడుతుంది. తేమగోడకు బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు ఉబ్బసము ఉన్నవారికి శత్రువులు.

గోడను పరీక్షించుటకు సులువైన ఉపాయమున్నది. జానెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును గోడకు ఆనించి, నాలుగు అంచులను గాలి దూరకుండ టేపుతో అంటించి, ఒక పగలు, ఒక రాత్రి ఉంచవలెను. తీసి చూచినప్పుడు లోపలివైపు నీటి చెమ్మ కనిపించినచో గోడ ఇంకా పచ్చిగా ఉన్నదని గ్రహించవలెను.

మా అమ్మగారికి డెబ్బది ఎనిమిదేండ్లు, చాలకాలముగా ఉబ్బసము. ముహూర్తమునకు పాలు పొంగించాము, గోవును ఇంటిలోనికి నడిపించాము, హోమము చేయించాము. హోమము జరుగునంతసేపు ఆమెను వసారాలో గాలి వచ్చుచోట కూర్చోబెట్టాము. మూడు నిద్రలు మా అబ్బాయి, కోడలు కిటికీలు తెరచి చేశారు. అమ్మగారిని మాత్రము పాత ఇంటికే తీసుకొని వెళ్ళాము. "నా కొడుకు కట్టిన ఇంట్లో నేను పడుకోకూడదటరా" అని ఆమె కంటనీరు పెట్టుకున్నది. దసరాకు పరీక్షించితే కాగితము క్రింద చెమ్మ ఉన్నది. కార్తీకమాసములో పొడిగా వచ్చినది. ఆనాడే ఆమె మంచమును కొత్త ఇంటిలో వేశాము. ముహూర్తము తప్పలేదు, అమ్మగారికి ఆ చలికాలము ఆయాసము ఎక్కువ కాలేదు.

ఇల్లు త్వరగా ఆరుటకు ఎదురెదురు కిటికీలు తెరచి ఉంచవలెను. బీరువాలు, మంచములు గోడకు బెత్తెడు ఎడముగా ఉంచవలెను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి గోడలు ఆరబెట్టుట, దాని ప్రక్కన నిద్రించుట ప్రాణాంతకము. బొగ్గునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీస్తుంది. గుగ్గిలము, సాంబ్రాణి, వేపాకు ధూపము వేయువారు ఉబ్బసరోగులను వెలుపలికి పంపి, ధూపము వేసి, పొగ పూర్తిగా పోయిన తరువాతనే లోనికి రానివ్వవలెను. ఉబ్బసమునకు వాడుచున్న మందులను, ఇన్‌హేలరును ఇంటివైద్యమును నమ్మి ఆపరాదు.

విందు, పెరటిమొక్కలు

వేడుకనాడు వేళ తప్పిన భోజనము, పులిహోర, బూరెలు, పాయసము కలిసి అజీర్ణము చేయుట సహజము. భోజనములో మొదటి ముద్దకు పావు చెంచా హింగ్వాష్టక చూర్ణమును నెయ్యితో కలుపుకొని తినినచో ఉబ్బరము తగ్గుతుంది. ఇంగువ, త్రికటుకములు, వాము, రెండు జీలకర్రలు, సైంధవలవణము ఇందులోని ద్రవ్యములు. గర్భిణులు, రక్తపోటు, కడుపులో పుండ్లు ఉన్నవారు వైద్యుని అడుగక వాడరాదు. మిగిలినవారు కూడ చివర పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్రపొడి, చిటికెడు శొంఠి కలుపుకొని త్రాగవచ్చును.

వెల్ల వేయుటలో ముచ్చట తీరని పిల్లలకు పెరటి పని అప్పగించవచ్చును. తులసి, కరివేప, వామాకు, కలబంద, అడ్డసరము నాటించండి. అడ్డసరము దగ్గుకు మంచిదే గాని గర్భిణులకు ఇవ్వరాదు. మా మనవడు తన కన్ను నయమైన తరువాత నాటిన కరివేపమొక్క ఇప్పుడు నా ఎత్తు దాటినది.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ముహూర్తము పంచాంగము చూచి పెట్టుకొనండి, కాపురము మాత్రము గోడను చూచి పెట్టుకొనండి. సున్నము తడిపిన చోట, మందు పెట్టెకన్న ముందుగా నీళ్ళ బిందె సిద్ధముగా ఉంచుకొనండి. మీ కొత్త ఇల్లు చల్లగా ఉండుగాక.