గాజు వలయాల వెలుగు: ఫ్రెనెల్ కటకం కథ

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో గిరోండ్ నదీముఖం అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసేచోట, ఒడ్డుకు సుమారు 7 కిలోమీటర్ల దూరాన, నీళ్ల నడుమ ఒక రాతి కట్టడం కనిపిస్తుంది. దాని పేరు కోర్దువాన్. దూరం నుంచి కోటలాగో చర్చిలాగో ఉంటుంది గానీ అది దీపస్తంభం. 1584లో లూయీ ద ఫువా అనే ఇంజినీరు మొదలుపెట్టిన నిర్మాణం 1611లో పూర్తయింది. లోపల రాజు పేరిట ఒక గది, దానిపైన ప్రార్థనామందిరం ఉన్నాయి. 18వ శతాబ్దం చివర్లో ఎత్తు పెంచాక అది 67 మీటర్లకు చేరింది. పైకి వెళ్లాలంటే 301 మెట్లు ఎక్కాలి. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని రాయాన్, లె వెర్దోన్ రేవుల నుంచి పడవలు యాత్రికులను అక్కడికి తీసుకెళతాయి. దక్షిణపు ఒడ్డున సులాక్‌లో ఒక పాత బసిలికా ఉంది. 18వ శతాబ్దంలో ఇసుక కింద కూరుకుపోయిన ఆ గుడిని 19వ శతాబ్దంలో తవ్వి బయటికి తీశారు. నేలమీద గుడినే మింగిన ఇసుక నీటి అడుగున మేటలు వేస్తే ఓడల సంగతి చెప్పాలా? బోర్డో రేవుకు వెళ్లే నావికులకు ఇక్కడ వెలుగు కావాల్సివచ్చింది అందుకే.

కానీ దీపస్తంభం ఎంత గొప్పగా కట్టినా దీపం బలహీనమైతే లాభం లేదు. దీపపు వెలుగు అన్ని దిక్కులకూ పోతుంది. ఆకాశంలోకి, స్తంభం అడుగుకు పోయినదంతా ఓడలకు దండగే. దాన్ని ఒకవైపు మళ్లించడానికి దీపాల వెనక మెరుగుపెట్టిన లోహపు పరావలయ దర్పణాలు పెట్టేవారు. అవి తమమీద పడిన వెలుగులో దాదాపు సగం మింగేసేవి. దర్పణం బదులు దీపం ముందు కుంభాకార కటకం పెడదామంటే మరో చిక్కు. అంత పెద్ద కటకం మధ్యలో చాలా మందంగా ఉంటుంది. బరువు మోయలేం, మందపు గాజు గుండా పోయే వెలుగు కూడా తగ్గిపోతుంది.

ఈ చిక్కు విప్పినవాడు ఆగస్టిన్ ఫ్రెనెల్. 1788లో పుట్టాడు. ఉద్యోగరీత్యా రోడ్లు, వంతెనల ఇంజినీరు. కాంతి తరంగమని గణితంతో, ప్రయోగాలతో నిరూపించి 1819లో ఫ్రెంచి సైన్సు అకాడమీ బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది మిత్రుడు అరాగో ఆయన్ను దీపస్తంభాల సంఘంలోకి తీసుకువచ్చాడు.

ఫ్రెనెల్ ఆలోచన ఇదీ. కాంతి కిరణం వంగేది గాజు ఉపరితలం దగ్గరే. లోపలి మందానికి ఆ పనితో సంబంధం లేదు. అలాంటప్పుడు వంపును ఉంచి మందాన్ని తీసేస్తే సరి. అడ్డంగా కోసిన ఉల్లిపాయలా ఒకదాని చుట్టూ ఒకటిగా గాజు వలయాలను అమర్చి, కేంద్రానికి దూరమయ్యే కొద్దీ ఒక్కో వలయం వాలును మార్చాడు. నాభి దగ్గర పెట్టిన దీపపు కిరణాలు ఏ వలయం గుండా వెళ్లినా సమాంతరంగా, క్షితిజం వైపే బయటికి వస్తాయి. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి పండితుల్లో బ్యుఫాన్ ఒకే గాజుదిమ్మను మెట్లుమెట్లుగా చెక్కాలన్నాడు, కాందొర్సే విడి ముక్కలతో చేయవచ్చన్నాడు. అయితే లెక్కకట్టి, సొలేయ్ అనే కటకాల పనివాడితో గాజు సానబట్టించి, దీపస్తంభంలో వెలిగించినవాడు ఫ్రెనెలే. దీపం కూడా మారింది. ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వత్తులున్న నూనె దీపాన్ని అరాగోతో కలిసి తయారుచేశాడు.

1823 జులైలో కోర్దువాన్‌లో ఆ యంత్రం వెలిగింది. దీపం చుట్టూ 8 కటకాల పలకలు గడియారపు యంత్రంతో తిరుగుతుంటే 8 కాంతిపుంజాలు సముద్రాన్ని చుట్టివచ్చాయి. ఓడలోని మనిషికి ఒక మెరుపు, తరవాత చీకటి, మళ్లీ మెరుపు. ఆ లయను బట్టి అది ఏ దీపమో పోల్చుకోవచ్చు. ఫ్రెనెల్ ఆ వైభవాన్ని ఎంతోకాలం చూడలేదు. 1827లో, 39వ ఏట, క్షయతో చనిపోయాడు. పనిని తమ్ముడు లెయొనార్ కొనసాగించాడు.

తరవాతి దశాబ్దాల్లో కటకానికి పైన, కింద పట్టకాలు చేరాయి. అంచులకు పోయే వెలుగును అవి సంపూర్ణాంతర పరావర్తనంతో దారికి తెస్తాయి. ఈ పద్ధతీ ఫ్రెనెల్ రూపొందించిందే. పెద్ద దీపాల్లోకి మాత్రం ఆయన పోయాకే వచ్చింది. కటకాలను తరగతులుగా విభజించారు. మొదటి తరగతికి నాభ్యంతరం, అంటే దీపానికీ కటకానికీ మధ్య దూరం, 920 మిల్లీమీటర్లు. టన్నుల బరువున్న ఈ గాజు గూడును 1890ల నుంచి పాదరసపు తొట్టిలో తేల్చారు. ఘర్షణ ఎంత తగ్గిందంటే వేలితో నెట్టినా కదిలేది. కాకపోతే పాదరసపు ఆవిరి విషం.

ఇప్పుడు ఓడలకు జీపీఎస్ ఉంది, చాలా స్తంభాల్లో ఎల్‌ఈడీలు వచ్చాయి. అయినా ఉపగ్రహ సంకేతం ఆగిపోతే కళ్లతో సరిచూసుకోవడానికి తీరదీపం కావాలి. కటకం కూడా ఒడ్డున ఆగిపోలేదు. సినిమా షూటింగుల్లో వాడే ఫ్రెనెల్ లైట్లు, ఒకప్పుడు తరగతి గదుల్లో వాడిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు, అక్షరాలు పెద్దవిగా చూపే పల్చటి ప్లాస్టిక్ పలకలు దాని సంతానమే.

తెలుగువాళ్లు తరచూ వెళ్లే మహాబలిపురంలో దీపస్తంభం పల్లవుల నాటి ఒలక్కనేశ్వర ఆలయం పక్కనే ఉంది. ఇప్పటి స్తంభం కట్టకముందు ఆ గుడి కప్పుమీదే దీపం వెలిగేది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండమీదా దీపస్తంభం ఉంది. ఇలాంటిచోట పైకి ఎక్కితే సముద్రంతో సెల్ఫీ అయ్యాక దీపం వైపూ తిరగండి. గాజు కటకం ఉంటే మధ్యలో కటకం, చుట్టూ వలయాలు, అంచుల్లో పట్టకాలు ఉన్నాయేమో చూడండి. పగటిపూట తెరలు ఎందుకు దించుతారో పిల్లలకు చెప్పండి: దీపపు వెలుగును సముద్రంలోకి పంపే దారిలోనే ఎండ వెనక్కి వచ్చి, నాభి దగ్గర పోగై నిప్పు పుట్టించగలదు. చేత్తో మాత్రం తాకకండి. ఇలాంటి పెద్ద గాజు కటకాలు ఇప్పుడు సాధారణంగా తయారుకావడం లేదు. ఉన్నవాటిని దీపస్తంభంలోనో, మ్యూజియంలోనో జాగ్రత్తగా కాపాడుకోవాలి.