కొండదారిలో బెట్ట: ఎండకాలపు సండూరు ప్రయాణము

బెట్ట యను మాట మన యింట పలికినచో వానలేక పైరు వాడు కాలమని అర్థము. ఆ మాటనే పొరుగింట కన్నడమున పలికినచో కొండయని అర్థము. ఒక్క మాటకు రెండర్థములు నేర్చుకొని పెరుగుట బళ్ళారి తెలుగు బిడ్డల భాగ్యము. ఈ రెండు బెట్టలును ఒక్కచోట కనబడు దారి మన జిల్లాలో కలదు. అది బళ్ళారినుండి కుడితిని, తోరణగల్లుల మీదుగా సండూరు పోవు దారి. 2023లో వానలు తప్పిన పిదప, 2024 మార్చి మాసమున మా సంఘమువారము కొందరము ఆ దారిన పోయి వచ్చితిమి. వానలేని యేట అడవి యెట్లుండును, ఎందుచే నట్లుండును, దానికిని మన కుండలోని నీటికిని గల సంబంధమేమి యను సంగతులను తల్లిదండ్రులకు విన్నవించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట వానమాట. నైరుతి గాలి అరేబియా సముద్రమునుండి తెచ్చు తేమలో పెద్దపాలు పడమటి కనుమలపైననే కురిసిపోవును. కొండలు దాటివచ్చిన గాలి పొడిగానుండును. బళ్ళారి ఆ కొండల చాటున నున్నది గనుక మనకు వాన తక్కువ. మన పైరులకు ఆధారమైన మంచి వానలు సెప్టెంబరు, అక్టోబరులలో పడవలెను. 2023 ఆగస్టులో దేశమంతట సగటుకంటె 36 శాతము తక్కువ వర్షము కురిసినది. 1901 మొదలు ఉన్న లెక్కలలో అంత పొడి ఆగస్టు లేదు. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కు ఎల్‌నినో యను స్థితి ఆ యేట నేర్పడియుండెను. కర్ణాటకమున 236 తాలూకాలలో 223 కరువు తాలూకాలుగా ప్రకటింపబడెను. సరిహద్దునకు ఆవలనున్న కర్నూలు, అనంతపురము జిల్లాలలోను పెక్కు మండలములకు అదే గతి పట్టినది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మొదలగునవి మైసూరునకును పోయినవి. మనుజులు గీసిన గీత భూమిమీద నిలిచినది కాని మబ్బునకు అది తెలియదు. 1876-78 నాటి ధాత కరువు కూడ ఈ సీమనంతటిని ఒక్కటిగానే పీడించినది. నాడు అనంతపురము సైతము బళ్ళారి జిల్లాలోనిదే. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కలను పోల్చినచో జనసంఖ్య పెరుగుటకు మారు తగ్గినట్లు కనబడును.

ఇక దారిమాట. కుడితినికి సమీపమున బూదికనమ యనుచోట ఒక పెద్ద బూడిదదిబ్బ కలదు. బూది, కనుమ అను మాటలు మనకు తెలిసినవే. ఇట్టి దిబ్బలు రాక్షసులను దహించిన తావులని జనులు చెప్పుకొందురు. పురాతత్త్వజ్ఞులు పరిశోధించి ఇవి కొత్తరాతియుగపు పశుపాలకులు మందల పేడను కుప్పవేసి కాల్చగా నేర్పడినవని తేల్చిరి. పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ పండితుడు 1957లో త్రవ్వి చూడగా ఆ బూడిదలో పశువుల గిట్టల గుర్తులు కూడ కనబడెను. వేల యేండ్ల క్రిందటనే ఈ యెండభూమిలో మందలు మేపి మనుజులు బ్రదికిరి. ఎండ మనకు కొత్తదికాదు. దానిని తట్టుకొను తెలివియే తరతరమునకు నేర్పవలసినది.

తోరణగల్లు ఉక్కు కర్మాగారమును దాటి దక్షిణమునకు తిరుగగా కొండలు దగ్గరపడును. ఇవి 250 కోట్ల యేండ్లకు పైబడిన రాళ్లు. ఎఱ్ఱని ఇనుపపొరయు తెల్లని పలుగురాతిపొరయు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ జిల్లా రాళ్లను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1895లో వెలువడెను. నడుమ లోయ, చుట్టును కొండలు, ఆ లోయలో సండూరు. నారిహళ్ళ యను వాగు ఈ కొండగోడను భీమగండి, ఓబళగండి యను రెండుచోట్ల కోసికొని పారుచున్నది. గండియను మాటకు రెండు భాషలలోను అర్థమొక్కటే.

మేము పోయినపుడు చెట్లలో ఎక్కువపాలు ఆకులు లేక మోడులవలె నుండెను. చూచువారికి అడవి చచ్చినట్లు తోచును. చావలేదు. ఆకుల సూక్ష్మరంధ్రములనుండి నీరు ఆవిరియై పోవుచుండును. వేరునకు నీరందని కాలమున ఆకులను రాల్చివేసి చెట్టు ఆ ఖర్చును మానుకొనును. ఆదాయము తగ్గినపుడు ఇల్లాలు ఖర్చు తగ్గించునట్లే ఇదియును. మోదుగ యైతే ఆకు లేనివేళనే ఎఱ్ఱగా పూచును. అయితే వానలు వరుసగా తప్పినచో లేతమొక్కలు నిలువలేవు. పెద్దచెట్లు మిగిలి పిల్లచెట్లు లేని అడవి వారసులు లేని యింటివంటిది.

ఆ యింటికి మరియొక కష్టము కలదు. కొండతలపైనున్న ఇనుపరాయి పగుళ్లతోను రంధ్రములతోను కూడినది. అది వాననీటిని పీల్చుకొని మెల్లమెల్లగా ఊటలుగా వాగులోనికి విడుచును. వాన నిలిచిన పిదపను వాగు కొంతకాలము పారుట అందువలననే. ఆ రాతినే మనము ఉక్కుకై త్రవ్వుచున్నాము. చెట్టును, పైరాతిని తీసివేసినచో వాననీరు ఇంకక, మట్టిని ఈడ్చుకొని ఒక్కమారుగా పరుగెత్తును. అక్రమపు త్రవ్వకములు మితిమీరగా 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనిపనిని ఆపించెను. తరువాత ఏటికింతయని పరిమితి విధించి మరల అనుమతించెను. గనిపనిచే వేలకొలది కుటుంబములు బ్రదుకుచున్నవి. అందు మన బడిపిల్లల ఇండ్లును ఉన్నవి. కాబట్టి గని వలదని చెప్పుట మా ఉద్దేశముకాదు. ఎంత త్రవ్వవలెను, త్రవ్వినచోట మరల చెట్టు పెంచితిమా యని అడుగుట మాత్రము ఇక్కడి ప్రతి పౌరుని పనియే. దారిప్రక్క చెట్లపై లారీలు లేపిన ఎఱ్ఱదుమ్ము పేరుకొనియుండుట చూచితిమి. వానలున్న యేట అది కడిగికొనిపోవును. బెట్టయేట అట్లే నిలుచును. దుమ్ము పట్టిన ఆకునకు వెలుతురు సరిగా అందదు.

నారిహళ్ళ నీరు దరోజి చెరువునకు చేరును. ఆ ప్రాంతమున 1994లో ఎలుగుబంట్ల అభయారణ్యమును స్థాపించిరి. చెదపురుగులను, రేగు మొదలగు పండ్లను తినుచు బ్రదుకు ఆ జంతువు, అడవిలో పండును నీరును కరవైనపుడు పొలములవైపు వచ్చును. అది దాని దోషముకాదు.

మన ఊరి కొళాయి నీరు తుంగభద్ర కాలువలది. 1953లో పూర్తియైన ఆ జలాశయము మొదట సుమారు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. పూడిక చేరి నేడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. ఎగువ అడవులు, నేలలు చెడుటయే పూడికకు ముఖ్యకారణము. కర్ణాటకమును ఆంధ్రమును ఆ నీటినే పంచుకొనుచున్నవి. కొండమీది చెట్టునకును మన యింటి బిందెకును సంబంధ మిట్టిది.

తల్లిదండ్రులకు మా మనవి యేమన, మీ బిడ్డలను వానల పిదప ఒకమారును, ఎండలలో ఒకమారును ఈ దారిన తీసికొనిపొండు. తెల్లవారకమునుపే బయలుదేరుడు. త్రాగునీరు వెంట నుంచుకొనుడు. ఇనుపరాతి లారీలకు దూరముగా బండి నడుపుడు. ఎండుటాకులపై చిన్న నిప్పురవ్వ పడినను కొండ తగులబడును గనుక అగ్గిపుల్లను, బీడీముక్కను పారవేయకుడు.

చెట్టు చూపినపుడు దాని పేరు రెండుభాషలలోను చెప్పుడు. మనకు వేప, వారికి బేవు. మనకు మోదుగ, వారికి ముత్తుగ. మనకు చింత, వారికి హుణసె. బడిలో మేము అక్షరములు నేర్పగలము. చింతచెట్టు నీడలో నిలిచి దానిని చింతయని పిలుచుట మాత్రము తల్లిదండ్రులే నేర్పవలెను. పేరు తెలియని చెట్టును నరికినచో ఎవరికిని బాధ కలుగదు. పేరు తెలిసిన బిడ్డ అడుగును, దానిని ఏల నరికితిరి అని.