పోర్టులు రెండు, తెర ఒకటే

2020 నవంబరులో ఎం1 చిప్పుతో వచ్చిన ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కు పక్కన రెండు యూఎస్‌బీ-సి పోర్టులున్నాయి. బయటి మానిటర్ మాత్రం ఒక్కటే పనిచేసేది. అంత వేగమున్న చిప్పుకు రెండో మానిటర్ ఒక లెక్కా, ఇది కంపెనీ పిసినారితనం కాకపోతే ఏమిటని చాలామంది విసుక్కున్నారు. అయితే అప్పుడే, అదే చిప్పుతో వచ్చిన మ్యాక్ మినీ రెండు మానిటర్లను హాయిగా నడిపింది. మినీకి సొంత తెర లేదు. విషయమంతా ఆ తేడాలోనే ఉంది. రెండు యంత్రాలూ నడిపేది రెండేసి తెరలనే. ల్యాప్‌టాప్‌లో ఒక వంతు మూతలోని తెరకే పోయింది. కాబట్టి ఎన్ని మానిటర్లు పెట్టుకోవచ్చో పోర్టులు లెక్కపెట్టి చెప్పలేం. చిప్పు లోపల బొమ్మను చదివి పంపే భాగాలు ఎన్ని ఉన్నాయో చూడాలి, ఆ తర్వాత కేబుల్ ఎంత మోయగలదో చూడాలి. పోర్టు వీటి తర్వాతే.

బొమ్మను చదివే ఆ భాగానికి చాలా పాత చరిత్ర ఉంది. దాని పని చెప్పడానికి తేలిక, చేయడానికి విసుగు: మెమరీలో ఉన్న బొమ్మను పైవరుస నుంచి కిందివరుస దాకా ఒక్కో చుక్కా చదువుతూ, లయ తప్పకుండా బయటికి పంపుతూ ఉండాలి. సాధారణంగా సెకనుకు 60 సార్లు, బొమ్మలో మార్పు ఉన్నా లేకపోయినా. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ పని చేసింది మోటరోలా 6845 అనే చిప్పు. అక్షరాల కోసం ఒక కార్డు, రంగుల కోసం ఇంకొక కార్డు అమ్మేవారు. ప్రతి కార్డు మీదా సొంత 6845 ఉండేది, మెమరీలో దేని చోటు దానిదే. అందుకని రెండు కార్డులూ ఒకే పీసీలో పెట్టి, ఒక తెర మీద ప్రోగ్రామును నడుపుతూ రెండో తెర మీద దాని తప్పులు వెతికే వీలు ఆనాడే ఉంది. అంటే రెండు తెరల ముచ్చట పీసీ పుట్టినప్పటిదే. 1987 నాటి మ్యాకింటాష్ 2 కూడా కార్డుకొక మానిటర్ చొప్పున నడిపింది. ఆ తర్వాత విండోస్ 98 ఈ సౌకర్యాన్ని సామాన్యుల బల్ల మీదికి తెచ్చింది. 1999లో మేట్రాక్స్ జీ400 ఒకే కార్డు మీద రెండు తెరలను నడిపింది. డెస్క్‌టాప్ వాడికి చాలకపోతే ఇంకో కార్డు గుచ్చుకునే దారి ఉంది. ల్యాప్‌టాప్ వాడికి ఆ దారి లేదు, ఫ్యాక్టరీలో చిప్పు మీద చెక్కిందే గతి. ఇంటెల్ తన చిప్పులోని గ్రాఫిక్స్‌తో మూడు తెరలు నడిపింది 2012లో. నాలుగుకు చేరింది 2020లో. ఎనిమిదేళ్లకు ఒక్క తెర పెరిగిందన్నమాట.

ఇక కేబుల్ సంగతి. ఇక్కడ కాస్త గుణకారం తప్పదు. 1920 గుణించు 1080 తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 300 కోట్ల బిట్లు, అంటే 3 గిగాబిట్లు. 4కె తెరకు చుక్కలు నాలుగింతలు కాబట్టి 12 గిగాబిట్లు. వరుసల మధ్య విరామాలు కలిపితే ఇంకొంచెం ఎక్కువే. యూఎస్‌బీ-సి కేబుల్లో వేగంగా పనిచేసే తీగల జతలు నాలుగు. నాలుగూ బొమ్మకే ఇస్తే, బొమ్మను పంపే డిస్‌ప్లేపోర్ట్ పద్ధతిలో, 2010 నాటి 1.2 వెర్షన్ వేగంతో 17.28 గిగాబిట్లు వెళ్తాయి. 4కె తెర నిశ్చింతగా నడుస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌కు ఒకే కేబుల్‌తో అన్నీ కలిపే డాక్ అనే పెట్టెకు పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ కూడా తగిలిస్తాం కదా, వాటి వేగం తగ్గకూడదని చాలా డాక్‌లు రెండు జతలను డేటాకు వదిలేస్తాయి. బొమ్మకు మిగిలేది 8.64. అందులో 12 పట్టదు. అప్పుడు కంప్యూటర్ ఏ ఫిర్యాదూ చేయకుండా 60 హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు 60 సార్లను, 30కి దించేస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే ఆ 30 కనిపిస్తుంది. దాన్ని చూడకముందే చేతికి తెలిసిపోతుంది: మౌస్ బాణం జారుతూ కాకుండా గెంతుతూ కదులుతుంది. తప్పు మానిటర్‌దనుకుని మార్చినా గెంతు పోదు.

ఒకే కేబుల్ మీద రెండు వేర్వేరు బొమ్మలు పంపడం కూడా అన్ని కేబుళ్ల వల్లా అయ్యే పని కాదు. హెచ్‌డీఎంఐ ఒక కేబుల్ మీద ఒక బొమ్మనే మోస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ మాత్రం బొమ్మను చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపుతుంది కనుక రెండు మూడు తెరల ప్యాకెట్లను కలిపి పంపి, అవతల విడదీయవచ్చు. దీని పేరు ఎంఎస్‌టీ, వచ్చింది డిస్‌ప్లేపోర్ట్ 1.2తోనే. తక్కువ ధరకు దొరికే హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్‌తో దీన్ని పోల్చకూడదు. పెళ్లి పందిట్లో ఒక ఆంప్లిఫయర్‌కు ఎన్ని బాక్సులు కట్టినా అన్నింట్లోనూ ఒకే పాట వస్తుంది. స్ప్లిట్టర్ చేసేదీ అంతే. విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకున్నా ఆ రెండు తెరల మీదా ఒకే బొమ్మ. విచిత్రమేమిటంటే, మ్యాక్‌లు ఎంఎస్‌టీ హబ్‌కు కట్టిన రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ చూపిస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌తో చక్కగా పనిచేసిన డాక్ మ్యాక్‌కు పెట్టగానే మొరాయించడానికి కారణం ఇదే.

ఇంతా చెప్పాక ఒకరు అడగవచ్చు: ఎం1 ల్యాప్‌టాప్‌కే మూడు మానిటర్లు పెట్టి పనిచేసేవాళ్లున్నారు కదా, మరి ఈ పరిమితి అబద్ధమా? వాళ్లు వాడేది డిస్‌ప్లేలింక్ డాక్. ఇది చదివే భాగం జోలికే పోదు. బొమ్మను సాఫ్ట్‌వేర్ పట్టుకుని, కుదించి, మామూలు డేటాలాగా యూఎస్‌బీ గుండా పంపుతుంది. డాక్‌లోని చిప్పు దాన్ని విప్పి తెరకు అందిస్తుంది. చదివే భాగం లేని లోటును ప్రాసెసర్ చాకిరీతో పూడ్చడమన్నమాట. అక్షరాలకూ, లెక్కల పట్టికలకూ ఇది చక్కగా సరిపోతుంది. ఆటల్లో తడబడుతుంది, కాపీ రక్షణ ఉన్న సినిమాలు కొన్ని నల్లతెర చూపిస్తాయి. కాబట్టి ఇది పరిమితిని తీసేసిన పరికరం కాదు, పక్కదారి పట్టిన పరికరం. పని ఆఫీసుదే అయితే పక్కదారిలో తప్పేమీ లేదు.

ఇంకొంచెం బలమైన ఆక్షేపణ ఉంది. ఎం3 చిప్పున్న 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మొదట బయటి మానిటర్ ఒక్కటే నడిపేది, 2024లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో రెండోది కూడా పెట్టుకునే వీలు దొరికింది. అంటే అంతా సాఫ్ట్‌వేర్ తాళమేగా? కాదు. ఆ రెండో మానిటర్ మూత మూసినప్పుడే వెలుగుతుంది. మూత తెర వదిలేసిన చదివే భాగాన్నే బయటికి మళ్లించారు. లెక్క రెండు దాటలేదు. ఎం1, ఎం2 ఎయిర్‌లకు ఆ మళ్లింపు కూడా దక్కలేదు. మూత తెరిచి ఉండగానే బయట రెండు నడిపే ఎయిర్ 2025లో ఎం4తో వచ్చింది, అంటే కొత్త చిప్పుతో. మరి మొదటే నాలుగైదు భాగాలు పెట్టేస్తే పోయేదేముంది అంటే, ప్రతి భాగమూ చిప్పు మీద స్థలం తింటుంది, మెమరీ నుంచి ఎడతెగకుండా మేత అడుగుతుంది. ఒక్క మానిటరైనా పెట్టనివాడూ ఆ స్థలానికి డబ్బు కడతాడు. అయినా వృత్తిపనికని అమ్మే యంత్రంలో ఒక్క మానిటర్‌తో సరిపెట్టడం నాకు సమర్థించదగ్గదిగా అనిపించదు.

రెండు మానిటర్ల కోసం డాక్ కొనేవాళ్లు డబ్బు కట్టకముందు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సాంకేతిక వివరాల్లో ఎన్ని తెరలు నడుస్తాయని రాశారో చదవండి. ఆ సంఖ్యలో మూత తెర కలిసి ఉందో లేదో చూడండి. షాపులో డాక్‌కు ఎన్ని పోర్టులున్నాయని అడగకండి. నా ల్యాప్‌టాప్‌తో రెండు తెరలూ ఒకేసారి వెలిగితే ఒక్కోదానికీ ఎన్ని హెర్ట్జ్ వస్తాయని అడగండి.