మెషినిస్టు కావాలా? చాతం చెప్పే పాఠం

అండమాన్‌లోని చాతం దీవిలో 1883లో రంపపు మిల్లు వెలసింది. దుంగలను కోసే రంపం సాఫీగా తిరగాలంటే ఇరుసు బేరింగులో సరిగ్గా అమరాలి. అలాంటి ఇరుసులను, భాగాలను యంత్రాలపై కొలతకు తగ్గట్టు తీర్చేవారే మెషినిస్టులు. ఇందుకు పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో రెండేళ్ల శిక్షణ ఉంది.

మరి చేరాలా? ఒక లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. కోతలో వేడెక్కిన ముక్కను వెంటనే కొలిచి సరిచేస్తే, చల్లారాక కొలత తగ్గిపోతుంది. మిగిలిన లోహాన్ని మళ్లీ తీయవచ్చు. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేం.

ఈ లెక్క విసుగనిపిస్తే ఈ వృత్తి మీకు బరువవుతుంది. ఆసక్తి కలిగిస్తే, ముక్క చల్లారేదాకా ఆగే ఓపిక ఉంటే, నిస్సంకోచంగా చేరండి.