సగమే చదివిన ఆకాశం

ఆబిడ్స్‌లో ఆదివారం పొద్దున్నే రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరుస్తారు. మదీనాగూడ నుంచి నేను నెలకోసారైనా వెళ్తాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే నాంపల్లి దాకా కూర్చునే వెళ్లొచ్చు. ఆ మధ్య అక్కడ అబ్దుల్ కలాం ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’కి వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన తెలుగు అనువాదం ‘ఒక విజేత ఆత్మకథ’ దొరికింది. లోపలి అట్ట మీద ఏదో బడి ముద్ర, దాని కింద నీలి సిరాతో ‘వక్తృత్వం, ద్వితీయ బహుమతి’. రామేశ్వరం, పడవ, పొద్దున్నే పేపర్లు పంచిన కుర్రాడు... ఆ భాగమంతా పెన్సిల్ గీతలే. కలాం హైదరాబాద్ వచ్చే అధ్యాయాల దగ్గరికొచ్చేసరికి ఒక్క గీతా లేదు. ఆ కాగితాలు నిన్నగాక మొన్న అచ్చయినట్టు పెళపెళలాడుతున్నాయి.

మనవాళ్లు ఆ పుస్తకాన్ని సగమే చదివారని నా అనుమానం. పేదింటి పిల్లాడు పెద్ద శాస్త్రవేత్త అయిన కథగా బహుమతులిచ్చుకున్నాం, ఉపన్యాసాల్లో వాడుకున్నాం. రెండో సగం దారి వేరు. ఒక దేశం ఆకాశంలోకి బాట వేసుకుని, అదే బాటను రక్షణ వైపు మళ్లించుకున్న వైనం అందులో ఉంది. ఆ మళ్లింపు జరిగింది ఈ ఊళ్లో. మూలం అచ్చయిందీ ఈ ఊళ్లోనే. 1999లో యూనివర్సిటీస్ ప్రెస్ వేసింది. కలాంతో కలిసి రాసిన అరుణ్ తివారీ కూడా ఇక్కడి క్షిపణుల ల్యాబు డీఆర్‌డీఎల్‌లో ఆయన దగ్గర పనిచేసినవారే.

1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. 1982లో కలాం ఇస్రో వదిలి కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కి డైరెక్టరుగా వచ్చారు. మరుసటేడు సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1989 మే 22న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుంచి తొలి అగ్ని ఎగిరింది. దాని మొదటి దశలో మండింది ఎస్‌ఎల్‌వీ-3 కోసం తయారైన ఘన ఇంధన మోటారే. ఉపగ్రహాన్ని మోసిన భుజమే క్షిపణినీ మోసింది. కాలేజీ రోజుల్లో ఈ పుస్తకం చదివినప్పుడు నేనూ ఈ సంగతి దగ్గర ఆగలేదు. ఆగాల్సిన చోటు ఇదేనని అర్థం కావడానికి బయటివాళ్లు రాసిన నాలుగు పుస్తకాలు కావాల్సి వచ్చాయి.

ముందుగా బ్రిటన్ పండితుడు బ్లెడిన్ బోవెన్ 2022లో వెలువరించిన ‘ఒరిజినల్ సిన్’. పేరుని ‘ఆది పాపం’ అనుకోవచ్చు. అంతరిక్ష పరిజ్ఞానం సైన్స్ కోసం పుట్టి తర్వాత సైన్యం చేతిలో పడిందన్న నమ్మకాన్ని ఆయన మొదట్లోనే తోసేస్తారు. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్‌ను మోసిన ఆర్-7, అణుబాంబును ఖండాలు దాటించడానికి చేసిన క్షిపణి. ఆయుధం ముందు, ఉపగ్రహం తర్వాత. మన దగ్గర నడక తిరగబడింది: ఉపగ్రహం ముందు, ఆయుధం తర్వాత. అందుకే భారత్ దీనికి మినహాయింపు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఏ చివర నుంచి బయల్దేరినా రెండు పనులకీ మోటారు ఒక్కటే అయినప్పుడు, ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న అందరికీ ఒకటే. మనం దాన్ని కొంచెం ఆలస్యంగా ఎదుర్కొన్నాం, అంతే.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు. నెల్లూరు వైపు మనిషి. కంచన్‌బాగ్ ల్యాబుల్లో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు టెర్రస్ మీద నడుస్తూ కలుస్తుంటాం. ఉద్యోగం సంగతి ఎత్తితే ఆయన మాట వాతావరణం మీదికో కూరగాయల ధరల మీదికో మళ్లుతుంది. ఈ మళ్లింపు నాకెప్పుడూ కోపం తెప్పించలేదు. అది ఆయన నమ్మిన నియమం.

2019 మార్చి 27 మధ్యాహ్నం ప్రధాని టీవీలో మాట్లాడుతున్నారంటే కింద వాచ్‌మన్ గది దగ్గర ఐదారుగురం పోగయ్యాం. ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి వదిలిన క్షిపణి, దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే కొట్టింది. అదే మిషన్ శక్తి. అప్పటి డీఆర్‌డీవో అధిపతి జి.సతీశ్‌రెడ్డిది నెల్లూరు జిల్లా. అంతకుముందు ఆయన ఇక్కడి మరో ల్యాబు ఆర్‌సీఐకి డైరెక్టరుగా ఉన్నారు. క్షిపణికి కన్నులాంటి సీకర్ పరిజ్ఞానం ఆ ల్యాబుదే. ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూరగాయల సంచి చేతిలోంచి దించకుండా చివరిదాకా నిలబడే విన్నారు. విని, “ముక్కలు ఎన్నాళ్లకి రాలతాయో చెప్పారా?” అని అడిగారు. అక్కడున్నవాళ్లలో ఆ ప్రశ్న తట్టింది ఆయనకొక్కరికే.

ఆ ప్రశ్నకి పూర్తి పుస్తకం ఉంది. అమెరికన్ ప్రొఫెసర్ జేమ్స్ క్లే మోల్ట్జ్ 2008లో ప్రచురించిన ‘ది పాలిటిక్స్ ఆఫ్ స్పేస్ సెక్యూరిటీ’. ఈ నాలుగింటిలో నా మనసుకు దగ్గరైంది ఇది. ప్రచ్ఛన్న యుద్ధంలో అంత పగతో ఉన్న అమెరికా, సోవియట్ యూనియన్ ఆకాశంలో ఎందుకు తగ్గి ఉన్నాయని ఆయన అడుగుతారు. మంచితనమూ కాదు, భయమొక్కటే కూడా కాదు. 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున ఒక అణుబాంబు పేల్చింది. దాని పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. దాదాపు 1,450 కిలోమీటర్ల దూరాన హవాయిలో కొన్ని వీధి దీపాలు ఆరిపోయాయి. ఆ పేలుడు మిగిల్చిన రేడియేషన్‌కి తర్వాత నెలల్లో ఉపగ్రహాలు పాడయ్యాయి, వాటిలో అమెరికా సొంతవీ ఉన్నాయి. మరుసటేడు రెండు దేశాలూ గాలిలో, నీటిలో, ఆకాశంలో అణుపరీక్షలు మానే ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. అందరూ తాగే చెరువులో విషం కలిపితే కలిపినవాడి కడవలోకీ వస్తుంది. ఊరి చెరువు కట్ట మీద పెరిగినవాళ్లకి ఈ సిద్ధాంతం కొత్త కాదు.

చైనా 2007 జనవరిలో 860 కిలోమీటర్ల పై ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని కొట్టింది. లెక్కకందిన శకలాలే మూడు వేలకు పైన. వాటిలో చాలావరకు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మనవాళ్లు ఎత్తు తక్కువ చూసుకున్నారు. ముక్కలు 45 రోజుల్లో రాలిపోతాయన్నారు. ఎక్కువ భాగం త్వరగానే రాలాయి, కొన్ని ఏడాది దాటాక కూడా కక్ష్యలోనే ఉన్నాయి. 2021 నవంబరులో రష్యా చేసిన పరీక్షకి 1,500కి పైగా శకలాలు లేచాయి. మన పరీక్షను నేను తప్పుపట్టడం లేదు. చైనా చేసి చూపించాక చేతులు కట్టుకుని కూర్చోలేమన్న వాదనకు బలముంది. అయితే ఇక మీదట ఇలాంటి పరీక్షలు ఎవరూ చేయకూడదని గొంతెత్తి చెప్పే హక్కు, బాధ్యత కూడా మనకి ఆ రోజే వచ్చాయి. ఆ గొంతు ఇంకా గట్టిగా వినిపించాలని కోరుకునేవాణ్ని.

అమెరికన్ పండితుడు ఎవరెట్ డోల్మన్ ‘ఆస్ట్రోపొలిటిక్’ (2002) చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. భూమి మీద కనుమలు, జలసంధులు ఉన్నట్టే ఆకాశంలోనూ ఇరుకు దారులున్నాయనీ, భూమికి దగ్గరి కక్ష్యను ఎవరు గుప్పిట్లో పెట్టుకుంటే మిగతాదంతా వాళ్లదేననీ, ఆ పని అమెరికాయే ముందు చేసెయ్యాలనీ ఆయన వాదన. అడ్డొస్తే 1967 నాటి అంతరిక్ష ఒప్పందం నుంచి తప్పుకోవాలట. ఆ ముగింపు నాకు మింగుడుపడదు. కానీ ఆ పుస్తకం మూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మచిలీపట్నం. కుతుబ్‌షాహీల కాలంలో ఆ రేవు నుంచి బర్మాకీ అరేబియాకీ ఓడలు వెళ్లేవి. వజ్రాలు మనవి, కలంకారీ మనది, ఓడల్లో కొన్ని సుల్తానువి. సముద్రం మీద పోర్చుగీసువాళ్ల అనుమతి చీటీ లేకపోతే మాత్రం ఓడకి దిక్కుండేది కాదు. ఆ చీటీని కార్తాజ్ అనేవారు. గోల్కొండ కోటకి ఎన్ని బురుజులున్నా ఆ చీటీ తప్పలేదు.

1993లో అలాంటి చీటీయే మనకు మళ్లీ ఎదురైంది. క్రయోజెనిక్ ఇంజిన్ల పరిజ్ఞానం ఇస్తామన్న రష్యా, అమెరికా ఒత్తిడికి వెనక్కి తగ్గింది. సొంత ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ విజయవంతంగా ఎగిరేసరికి 2014 జనవరి 5 అయింది. మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లలో ఒక ముక్క బాలానగర్‌లోని ఎంటార్ కంపెనీ షాపుల్లో లేత్‌ల మీద తిరిగింది. మియాపూర్‌తో కలిపి లెక్కపెడితే మెట్రోలో బాలానగర్ ఐదో స్టేషన్. అదే బాలానగర్‌లో ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. షాద్‌నగర్‌లోని దాని స్టేషన్‌లో దిగిన ఉపగ్రహ చిత్రాల్లో వరిచేలూ కనిపిస్తాయి, వరదా కనిపిస్తుంది, సరిహద్దూ కనిపిస్తుంది.

బోవెన్ ఇంకో పుస్తకం ‘వార్ ఇన్ స్పేస్’ (2020)లో డోల్మన్ బొమ్మనే మారుస్తారు. భూకక్ష్యని ఆయన నడిసముద్రంగా చూడరు, తీరంగా చూస్తారు. ఒడ్డు మీద ఉన్నవాడు తీరాన్ని కాపాడగలడు, చెరచగలడు కూడా. ఈ మాట టెర్రస్ మీద చెప్తే పెద్దాయన మొదటిసారి నిలబడిపోయారు. పులికాట్ పక్క పల్లెలో పుట్టినాయన. “ఒడ్డున కూర్చున్నోడికి నీళ్ల లోతు తెలీదు గానీ అబ్బాయ్, పోయే పడవ ఎవరిదో కనపడుద్ది” అన్నారు. మళ్లీ నడక మొదలుపెట్టారు.

మదీనాగూడలో, చందానగర్‌లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా మెడలో ఐడీ కార్డుతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక్కరైనా కనిపిస్తారు. వాళ్లు చదవాల్సిన సంగతి ఒకటుంది. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తిన రోజే, వయాశాట్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ మీద దాడి జరిగింది. ఉపగ్రహాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేల మీదున్న మోడెమ్‌లను పనికిరాకుండా చేశారు. జర్మనీలో వేల గాలిమరలకి దూరం నుంచి పర్యవేక్షణ తెగిపోయింది. ఆకాశంలో యుద్ధమంటే మిసైలే కానక్కర్లేదు, ఒక చెడ్డ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. ఆ యుద్ధరంగం సరిగ్గా సైబరాబాద్ చేసే పనిలోనే ఉంది.

పైగా ఇప్పుడు రాకెట్లు కట్టేది ప్రభుత్వ ల్యాబులు మాత్రమే కాదు. 1992లో పుట్టిన అంతరిక్ష సంస్థ అనంత్ టెక్నాలజీస్ మాదాపూర్‌లో ఉంది. 2022 నవంబర్ 18న హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ ఎగిరింది. దేశంలో ప్రైవేటు రాకెట్ అదే మొదటిది. ఎనిమిది రోజులకి ధ్రువ స్పేస్ చిన్న ఉపగ్రహాలు రెండు పీఎస్‌ఎల్‌వీలో వెళ్లాయి. 1967 ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ఏ కంపెనీ ఏం ఎగరేసినా ప్రపంచానికి జవాబు చెప్పాల్సింది దేశమే. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. విధానం వేరు, చట్టం వేరు. ప్రమాదం జరిగిన రోజున కోర్టులో పనికొచ్చేది చట్టం.

ఇన్ని పుస్తకాలు చదివాక నాకు కలిగిన బాధ ఒకటే. వీటిలో ఆలోచనంతా అలబామాలోనో కాలిఫోర్నియాలోనో ఇంగ్లండ్‌లోనో పుట్టింది. మోటారు పోసినవాళ్లు, సీకర్ బిగించినవాళ్లు, చిత్రాలు చదివినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. రహస్యాలు చెప్పమని ఎవరూ అడగరు. ఏ రోజు ఏం ఆలోచించారు, దేనికి భయపడ్డారు, ఎక్కడ వద్దనుకున్నారు, అది చాలు. సైన్స్ రచయిత మహీధర నళినీమోహన్ గ్రహణాల కథ, పిడుగు కథ చక్కని తెలుగులో చెప్పి చూపించారు. ఈ ల్యాబుల కథకీ ఆ భాష సరిపోతుంది.

బహుమతి పుస్తకాన్ని మొన్న మూడో అంతస్తుకి తీసుకెళ్లి ఇచ్చాను. పెద్దాయన ముందు మాటలు దాటేసి, రామేశ్వరం దాటేసి, నేరుగా గీతల్లేని పేజీల దగ్గర తెరిచారు. రెండు పేజీలు చదివి, “ఈ తేదీ రోజు నేను చాందీపూర్‌లో ఉన్నా” అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. లోపల్నుంచి ఆయన భార్య గ్లాసులతో బయటికొచ్చి అక్కడే ఆగిపోయారు.

“పెన్సిల్ ఉందేంటి నీ దగ్గర?” అని అడిగారాయన.